గూటిలోని చిలుక

మా కెంచార్లహళ్ళి వైపు సీతాకోకచిలుక జీవితచక్రాన్ని పిల్లలకు బొమ్మల్లో చూపనక్కరలేదు. ఇంట్లో చంద్రికలుంటే చాలు. పట్టుచిలుక దానికి దగ్గరి చుట్టం.

18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాన్ ఈ పురుగును బెంగాల్ నుంచి మైసూరు సీమకు తెప్పించాడు. గుడ్డు పగలడానికి సుమారు 10 రోజులు, పురుగు దశ సుమారు 25 రోజులు. ఈలోగా అది నాలుగుసార్లు మేత మాని పొర విడుస్తుంది. మన రైతులు దాన్ని 'జ్వరం' అంటారు గానీ, అది జబ్బు కాదు, ఎదుగుదలే. ఆపైన గూడు కడుతుంది. గూటినిండా ఒకే దారం, వందల మీటర్లు. చిలుక చీల్చుకుని వస్తే ఆ దారం పాడవుతుంది. అందుకే శిడ్లఘట్ట మార్కెట్టుకు వెళ్ళే గూళ్ళలోని ప్రాణికి రెక్కలు రాకముందే ఆవిరి తగులుతుంది. విత్తనపు గూళ్ళ చిలుకలు మాత్రం బయటపడతాయి. అవీ తినవు, ఎగరలేవు. గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లోనే పోతాయి.

అసలు జబ్బు వేరే ఉంది, పెబ్రిన్. అది తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. 19వ శతాబ్దం నడుమ ఫ్రాన్సు పట్టు పరిశ్రమను అది కుంగదీసింది. 1865లో పరిశోధనకు దిగిన లూయీ పాశ్చర్, ఒక్కో తల్లి చేత విడిగా గుడ్లు పెట్టించి, ఆ తల్లిని నూరి సూక్ష్మదర్శినిలో చూడమన్నాడు. జబ్బు కనిపిస్తే గుడ్లన్నీ నాశనం చేయాలి. ఇవాళ్టికీ విత్తన కేంద్రాల్లో జరిగేది ఆ పరీక్షే. మీరు కొనే 100 డీఎఫ్‌ఎల్‌లంటే, అందులో నెగ్గిన 100 తల్లుల గుడ్లన్నమాట.