రియోహాకి కొబ్బరి వాసన ఎలా వచ్చింది?

పాత పద్ధతి రియోహా వైన్‌ని గ్లాసులో పోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు తగిలేది ద్రాక్ష కాదు. వనిల్లా, దాని వెనకే ఎండుకొబ్బరి. ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది పక్కన పండిన ద్రాక్షకి కొబ్బరి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అమెరికా ఓక్ పీపాల నుంచి. అయితే ఈ కథలో చెక్క కంటే ముందు రాజకీయం ఉంది. 1843లో జనరల్ ఎస్పార్తెరో పదవి పోయి లండన్ చేరాడు. ఆయన వెంట వెళ్ళిన సైనికాధికారి లూసియానో మురియెటా తర్వాత బోర్డో పద్ధతులు నేర్చుకుని, 1852 ప్రాంతంలో లొగ్రోన్యోలో వైన్‌ని పీపాల్లో నిలవపెట్టడం మొదలుపెట్టాడు. 1862లో అలావా పాలకులు రైతులకి ఇదే నేర్పడానికి బోర్డో నుంచి జాన్ పినో అనే ఆయన్ని రప్పించారు. పీపాలు కొనాలి, ఏళ్ళ తరబడి సరుకు అమ్మకుండా ఆగాలి. ఏ రైతు ఆగగలడు? చివరికి 1868లో పినోని మార్కెస్ దె రిస్కాల్ పనిలో పెట్టుకున్నాడు. పాతబడిన వైన్ గొప్పదన్న మాట వెనక, ఆగగలిగినవాడి డబ్బు ఉందని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత పురుగు. అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా ఫ్రాన్సు తోటల వేళ్ళు తినేస్తుంటే, బోర్డో వర్తకులు రియోహాకి పరిగెత్తుకొచ్చారు. ఆరో ఊళ్ళో (స్పెల్లింగులో హెచ్ ఉంది గానీ పలకరు) రైల్వేస్టేషన్ చుట్టూ వైన్ కంపెనీలు వెలిశాయి: 1877లో లోపెజ్ దె ఎరెదియా, 1879లో కూనే. 1892లో ఫ్రాన్సు సుంకాలు పెంచింది, బేరం చల్లబడింది. 1899లో పురుగు రియోహాకీ వచ్చింది. మందు కూడా అమెరికాదే: అక్కడి తీగల వేళ్ళమీద ఇక్కడి ద్రాక్షని అంటుకట్టడం.

ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు, పీపాలు ఉండిపోయాయి. ఫ్రెంచి ఓక్ కన్నా అమెరికా ఓక్ చవక. అలా ఆ వాసనే ‘అసలు రియోహా’ అయి కూర్చుంది. పంట సంవత్సరానికి కూడా అప్పట్లో ఇప్పుడున్నంత పట్టింపు లేదు. కొన్ని సీసాల మీద ‘మూడో ఏడు’, ‘ఐదో ఏడు’ అని ఉండేది. అంటే పండిన ఏడు కాదు, ఎన్నో ఏట సీసాలోకి దించారన్నది.

ఇప్పటి కుర్ర తయారీదారులు చాలామంది ఈ కొబ్బరిని మొహమాటం లేకుండా వద్దంటున్నారు. చెక్క కాదు, నేల తెలియాలంటారు. 2017లో ఒకే తోట పేరు సీసా మీద ప్రత్యేకంగా వేసుకునే వీలూ వచ్చింది.

ఈమధ్య ఒక స్నేహితుడింట్లో రెండూ పక్కపక్కన రుచి చూశాం. 2016 నాటి ఒంటితోట వైన్: నల్లద్రాక్ష తొక్క, గట్టి వగరు, చివర్లో చల్లని పులుపు. వాదన వాళ్ళదే నిజమనిపించింది. 2001 గ్రాన్ రిసర్వా: రంగు ఇటుక ఎరుపులోకి దిగింది, వగరు కరిగిపోయింది, పొగాకు, ఎండిన అంజీర, అదే కొబ్బరి. ముందుగా ఖాళీ అయింది మాత్రం ఆ రెండో సీసాయే.