ఆదవాని సీమలో పులిజూదము

తుంగభద్రకు దక్షిణమున, నల్లరేగడి చేల నడుమ బండరాళ్ళ గుట్టలు లేచి నిలిచిన ఆదవాని సీమయందు, పత్తి యేరుట ముగిసి నేల తొలకరికై యెదురుచూచు వేసవి మధ్యాహ్నములలో, రచ్చకట్టలమీదను, గుడి మంటపములందును, ఇంటి యరుగులపైనను బొగ్గుతోనో సుద్దతోనో గీయబడుచు వచ్చిన యొక పటము కలదు. శిఖరమునుండి నాలుగు గీతలు క్రిందికి దిగి త్రికోణమగును. మూడడ్డగీతలు వానిని ఖండించి యిరుప్రక్కలకు సాగి చెరియొక నిలువుగీతతో ముగియును. గీతలు కలిసికొను తావులు 23. అందు 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్ళును, మేకలకు చింతపిక్కలును చాలును. ఆట ముగిసిన పిమ్మట వానిని పారవైచి, గీతలను కాలితో చెరిపి, ఎవరి పనిమీద వారు పోవుదురు. శిల్పమునకు శిల, చిత్రమునకు గోడ, కావ్యమునకు తాటియాకు ఆధారమై నిలువగా, ఏ యాధారమును కోరని యీ వస్తువును కళయని పిలువవచ్చునా యను ప్రశ్న పండితులకు తట్టకపోవుట సహజమే.

అట్లని యెల్ల పటములును చెరిగిపోలేదు. విజయనగర శిథిలములందు, హంపిలోని మంటపముల నేలరాళ్ళపైనను, గుట్టల నున్నని బండలపైనను, ఉలితో చెక్కిన పులిజూదపు త్రికోణములును, దాడి యాట చతురస్రములును, వామనగుంటల వరుసలును నేటికిని కానవచ్చును. వానిని చెక్కినవారెవరో శాసనమేదియు చెప్పదు. స్తంభములు మలచిన శిల్పులే విరామవేళ చెక్కుకొనిరో, కావలిభటులు చెక్కిరో, యాత్రికులు చెక్కిరో, ఎవరి యూహ వారిది. ఆదవాని దుర్గము ఆ సామ్రాజ్యమున రాయలకు ఆపత్కాల శరణాలయము. ఒకదానిలోపల నొకటిగా 11 ప్రాకారములు దానికుండెనని చరిత్రకారుడు ఫెరిస్తా వ్రాసెను. రాక్షసతంగడి యుద్ధమైన మూడేండ్లకు, 1568లో, అది బిజాపురమువారి వశమయ్యెను. పిదప సిద్దీ మసూదు ఖాను, మొగలులు, బసాలతు జంగు, 1786లో టిప్పు, 1800లో దత్తమండలములతోపాటు కుంపిణీవారు: ఇట్లు కోట చేతులు మారుచునే యుండెను. ముట్టడులను చూచి చూచి యీ సీమవారు పులిజూదమును కల్పించిరని యెవరైన చెప్పిన వినుట కింపుగానే యుండును గాని, గొర్రెల మందలతో గుట్టలవెంట తిరుగు కురుబలకును గొల్లలకును పులియు మేకయు యుద్ధమునుండి నేర్చుకొనవలసినవి కావు.

ఈ యాట యొక్క విశేషమంతయు దాని యసమానతయందున్నది. చదరంగమున ఇరుపక్షముల బలము సమానము, లక్ష్యము సమానము. ఇచ్చట నొకడు చంపుటకు, ఇంకొకడు కట్టుటకు కూర్చుండును. పులి పక్కనున్న మేకమీదుగా దుమికి ఆవలి ఖాళీ తావున వ్రాలినచో మేక చచ్చును. ఆవల ఖాళీ లేకున్న పులి యేమియు చేయజాలదు. 15 మేకలును పటముపైకి దిగువరకు దిగిన మేక కదలరాదు. కావున మేకలవాడు, మొదటి మేకను పెట్టినది మొదలు, ఇంకను చేతిలోనున్న పదునాలుగింటిని మనస్సులో పటముపై పరచుకొని, అంచులను పట్టుకొని, వెనుక తావు ఖాళీగా నున్న మేకను పులియెదుట నిలుపకుండ, ఒక్కొక్క మేకకు మరియొక మేకను వెన్నుగా నిలుపుచు పోవలెను. అయిదారు మేకలు పోయినచో పిమ్మట పులులను కట్టుట దుర్ఘటము. పులులవానికి వచ్చు ప్రమాదము వేరువిధము: దొరికిన ప్రతి మేకను కొట్టుటకు దుమికినవాడు, కొట్టిన తావుననే చిక్కి, కదలనేరక నిలిచిపోవును. ఒకనికి ఓర్పు, ఇంకొకనికి నిగ్రహము అవసరములు; ఒక యాట ముగిసి పక్షములు మార్చుకొన్నప్పుడు, క్షణము క్రిందట పులియై యాలోచించిన బుద్ధి మేకయై యాలోచింపవలసియుండును. నాటకమున నటుడు వేషము మార్చినట్లే యిచ్చట ఆటగాడు బుద్ధినే మార్చుచున్నాడు. అరుగుపై వంగి చూచువారికి గులకరాళ్ళ కదలిక తప్ప మరేమియు కానరాదు. ఆ యుత్కంఠ, ఆ మెలకువ, చివరి పులి కట్టుబడిన యప్పటి యానందము ఆడినవారికే దక్కును.

దీనికి విపర్యయమును చూడదలచినచో వైకుంఠపాళిని చూడవలెను. పరమపదసోపాన పటము కంటికెంత సొంపైనదో వేరుగ చెప్పనక్కరలేదు. పాములు, నిచ్చెనలు, పుణ్యపాపముల పేర్లు, పైన వైకుంఠము. కాని యాడువాడు చేయునదేమి? గవ్వలు వేసి, అవి చెప్పినంత నడచుట. ఎక్కించునదియు దించునదియు గవ్వలే. వాని విచక్షణకు చోటే లేదు. పటము చిత్రకళయే, అందు సందేహము లేదు. ఆట మాత్రము మిక్కిలి పేదది. ఈ సీమకు తూర్పుననున్న నొస్సములో పూర్వము గుండ్రని గంజీఫా చీట్లకు రంగులు వేసెడివారు. దశావతార గంజీఫాలో అవతారమునకు 12 చొప్పున 120 చీట్లు. ఆ చీట్లను నేడు వస్తుప్రదర్శనశాలలు అద్దముల వెనుక దాచి చూపుచున్నవి. చీట్లు మిగిలినవి, వానితో ఆడ నేర్చినవారు మిక్కిలి యరుదైరి. క్రీడను వస్తువుగా నెంచి భద్రపరచినచో మిగులునది యిట్టిదే.

మన పూర్వులు క్రీడను కళలలో చేర్చిరి. వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళలలో గీతవాద్యనృత్యములతోపాటు ద్యూతవిశేషములును, ఆకర్షక్రీడయు, పొట్టేళ్ళ, కోళ్ళ పందెములును, బాలుర యాటవస్తువులును గలవు. ఈ సీమ కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నుండిన కాలమున, 1129 ప్రాంతమున, మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో నొక వింశతియంతయు క్రీడలకే కేటాయింపబడినది. చదరంగము, పాచికలు, గవ్వలాట రాజు నేర్వదగిన విద్యలుగా నందు వివరింపబడెను. క్రీడాభిరామము ఓరుగల్లు వీథులలోని కోడిపందెములను, పొట్టేళ్ళ పోట్లాటలను కావ్యవస్తువులుగా స్వీకరించెను. చదరంగమున దిట్టయైన బొడ్డుచర్ల తిమ్మన్నకు కృష్ణదేవరాయలు కొప్పోలు అగ్రహారమిచ్చెనని ప్రతీతి. పులిజూదమాడినవాని కెవ్వరును అగ్రహారమిచ్చిన దాఖలా లేదు; అది రచ్చకట్ట విద్య, ఆస్థాన విద్య కాదు.

అన్నిటికంటె విలువైన సూచన నాట్యశాస్త్రపు ప్రారంభముననే యున్నది. దేవతలు బ్రహ్మను కావ్యము నడుగలేదు, ఉపదేశము నడుగలేదు. కంటికిని చెవికిని ఇంపైన యొక ఆటవస్తువు నడిగిరి, అందుండి నాట్యము పుట్టెను. క్రీడలో పుట్టిన కళ క్రమముగా రసమును ఆడువానియందుగాక చూచువానియందు నిలిపి, సహృదయుడను ప్రేక్షకుని చుట్టును శాస్త్రమంతయు నల్లుకొనెను. అభినవగుప్తునివంటి మహామేధావి ఆ మార్గమున ఎంత దూరము నడచెనో చెప్పనలవికాదు. కాని ప్రేక్షకుడు లేని కళకు ఆ శాస్త్రమున పీట దొరకలేదు.

మరియొక కారణమును గలదు: అది పందెము. ఋగ్వేదమందే జూదరి విలాపము వినవచ్చుచున్నది. భారతకథయంతయు పాచికలపై నిలిచినది. మనువు ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతము, ప్రాణులతో నాడునది సమాహ్వయమని విభజించి రెంటిని నిషేధింపగా, లోకజ్ఞుడైన కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుని నియమించి గెలుపుసొమ్ములో నూటికి 5 వంతులు రాజునకు రాబట్టెను. ధర్మశాస్త్రకారులకు కనబడినది పందెపు సొమ్మేగాని ఆట యొక్క నిర్మాణము కాదు. మన న్యాయస్థానములును చిరకాలము ఆ దృష్టితోనే చూచినవి. ఆంధ్రప్రదేశమునుండి వెళ్ళిన వ్యాజ్యములో 1967లో సుప్రీంకోర్టు రమ్మీయందు ప్రధానముగా నైపుణ్యమే కలదని చెప్పినప్పుడు, ఆటను దాని లోపలినుండి చూచుటకు కొంత ప్రయత్నము జరిగినదనవచ్చును. ముక్కలు పడిన తీరును జ్ఞాపకముంచుకొనుట, పట్టుటలోను విడుచుటలోను వివేచన, ఇవన్నియు న్యాయమూర్తులు గమనించిరి.

ఈ సందర్భమున నలుని స్మరింపక తీరదు. పుష్కరునితో పాచికలాడి రాజ్యము పోగొట్టుకొన్నవాడు, ఋతుపర్ణునికి అశ్వహృదయమిచ్చి ప్రతిగా అక్షహృదయమును పొంది, తిరిగి ఆ పాచికలతోనే రాజ్యమును గెలుచుకొనెను. జూదము వ్యసనమై ముంచినది, విద్యయై తేల్చినది. ఈ కథనే ధర్మవరము రామకృష్ణమాచార్యులు చిత్రనళీయముగా బళ్ళారిలో రంగమెక్కించెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలులో కలియువరకు ఆదవాని (ఆదోని) తాలూకాయు బళ్ళారి జిల్లాలోనిదే. ఒకే జిల్లాలో పుట్టిన నాటకమునకు సభలు, విమర్శకులు, పితామహుడను బిరుదము లభించినవి. మగ్గమునకు ఎమ్మిగనూరులో 1938లో సహకార సంఘము నెలకొల్పిన మాచాని సోమప్ప వలన దేశఖ్యాతియు, ఆయనకు 1954లో పద్మశ్రీయు లభించినవి. ఆటకు మాత్రము చరిత్రకారుడు దొరకలేదు. 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరము ప్రతాపరెడ్డిగారు కావ్యములు గాలించి ఆటల పేర్లను ఏర్చి కూర్చియుండకున్నచో మనకా మాత్రమును దక్కకపోయెడిది.

పాశ్చాత్యులకును ఈ విషయము ఆలస్యముగనే తోచినది. 1938లో డచ్చి చరిత్రకారుడు యోహాన్ హోయిజింగా, సంస్కృతి క్రీడకు తల్లి కాదనియు, క్రీడారూపముననే సంస్కృతి పెరిగెననియు వాదించెను. 1978లో బెర్నార్డ్ సూట్స్, ఆటయనగా అక్కరలేని యడ్డంకులను ఇచ్ఛాపూర్వకముగా కల్పించుకొని దాటబూనుటయని నిర్వచించెను. 2020లో సి. థీ న్యుయెన్ ఇంకొక యడుగు ముందుకు వేసి, చిత్రకారునికి రంగు ఎట్లో ఆటను నిర్మించువానికి ఆడువాని కర్తృత్వమే యట్లని, దానినే మలచి యతడు కళను సృజించునని ప్రతిపాదించెను. ఈ మాట వేదాంతమెరిగిన తెలుగువానికి వింతగా వినబడును. కర్తృత్వము బంధమని మన శాస్త్రము బోధించుచున్నది. అదియే బ్రహ్మసూత్రములలో, పొందవలసినది లేని యీశ్వరుడు లోకమును సృజించుట లీలయని సమాధానము చెప్పుచున్నది. పులిజూదమాడువాడు గెలుపునకై ఊపిరి బిగబట్టి శ్రమించును. గెలిచిన పిమ్మట చింతపిక్కలను పారవైచి లేచిపోవును. గెలుపు వానికి కావలసినది కాదు, గెలుపునకై చేయు ప్రయత్నమునకు అది నెపము మాత్రమే. ఫలమునందు ఆసక్తి లేక పూర్ణమైన కర్తృత్వము ననుభవించుట గీతాపాఠకులకు కష్టసాధ్యమైన ఆదర్శము. రచ్చకట్టమీద అది మధ్యాహ్నపు కాలక్షేపము.

అయినను ప్రతి పోటీని క్రీడయనరాదు. విజయదశమి రాత్రి దేవరగట్టు కొండచెంత, మాళమల్లేశ్వరుని యుత్సవవిగ్రహముల కొరకు పలు గ్రామములవారు ఇనుపకట్లు గల కర్రలతో తలపడు బన్ని యుత్సవమును పత్రికలు కర్రల సమరమని యేటేట వర్ణించుచున్నవి. అందును నియమములు గలవు: రాత్రి, ఊళ్ళ పక్షములు, దివిటీలు, ఊరేగింపు మార్గము. మణి, మల్లాసురులను శివుడు సంహరించిన కథకు అది పునరభినయమందురు. దానికి రూపమున్నది, నాటకీయత యున్నది. తలలు పగులుటయు నున్నది. పోలీసులెన్ని మారులు కట్టడిచేసినను భక్తులు మొక్కుబడియని వచ్చుచునేయున్నారు. ఆట చాలునని పటమునుండి లేచిపోవు స్వేచ్ఛ అచ్చట లేదు, పడినవానిని చింతపిక్కవలె మరల పటముపై పెట్టుటయు లేదు. క్రీడకు ఆవలిగట్టున నున్న వ్రతముగా దాని నెంచుట నాకు సమంజసముగా తోచుచున్నది.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరలోని బండలాగుడు పోటీ వేరు. పుష్యమాసపు రథోత్సవమునకు వచ్చిన జనము పట్టీ కిరువైపుల గుమిగూడగా, జత యెడ్లు నిర్ణీత సమయములో బండను ఎంత దూరము లాగునో అడుగులలో కొలుతురు. పోటీదారులను ఎడ్ల పండ్లనుబట్టి విభజింతురు: పాలపండ్లవి, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి, విభాగమునుబట్టి బండ బరువు మారును. ఈ యేర్పాటును కేవలము సౌకర్యమని త్రోసివేయరాదు. లేగప్రాయపు జతను ముదిరిన జతతో కట్టినచో ఫలితము ముందే తెలిసిపోవును, ఉత్కంఠ చచ్చును; బండ మరీ తేలికయైనచో అది పరుగుపందెమగును, మరీ బరువైనచో ఎవ్వరును కదపలేరు. సందేహము చివరివరకు నిలుచునట్లు బరువును, వయస్సును, కాలమును తూచి పెట్టినవాడు, మేకలు 15, పులులు 3 అని నిర్ణయించినవానికి సజాతీయుడు.

ఇక ఎద్దు మాట. దానికి పోటీ తెలియదు, నియమమున కది సమ్మతింపలేదు, కావున ఆటగాడు అది కాదు, తోలువాడే. జల్లికట్టును, ఎడ్ల పందెములను 2014లో నిషేధించిన సుప్రీంకోర్టు, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న సవరణలను 2023లో సమర్థించినప్పుడును, మూగజీవి బాధను గూర్చిన విచారణ ముగిసిపోలేదు, ముగియరాదు కూడ. ములుకర్రతో పొడిచి లాగించిన అడుగులు తోలువాని నేర్పునకు లెక్కకు రావు. పట్టీ చివర జతను మరల్చుటలోనే కాలము వృథాయగును. అచ్చట గొంతుతోను పగ్గముతోను రెండెడ్లను ఒక్కసారిగా త్రిప్పి, బండ ఆగీయాగకమునుపే మరల కదలించువాడు తోటివారికంటె ఎన్నో యడుగులు ముందుండును.