ఎఱ్ఱకణముల సాక్ష్యము

1898వ సంవత్సరమున పారిసునందలి పాస్తరు పరిశోధనాలయములో జూల్ బోర్డే అను బెల్జియం దేశీయుడు గినీపందులకు కుందేటి రక్తమును పలుమారు ఎక్కించెను. పిమ్మట వాని రక్తము గడ్డకట్టగా పైకి తేరిన తేటను, అనగా సీరమును, కుందేటి ఎఱ్ఱకణములతో కలిపెను. కణములు పగిలి, మడ్డిగానున్న ద్రవము ఎఱ్ఱగాజువలె స్వచ్ఛమయ్యెను. సీరమును 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నుంచిన ఆ శక్తి నశించెను. అయితే వేడిచేసిన సీరమునకు, కుందేటి రక్తమునెన్నడు నెఱుగని జంతువు యొక్క తాజా సీరమును చేర్చగా కణములు మరల పగిలెను. కావున శత్రువును గుర్తుపట్టు ప్రతిరక్షకము వేఱు, దానికి తోడై పనిని ముగించు సహజద్రవ్యము వేఱు. రెండవదానికి ఎర్లిఖ్ పండితుడు కాంప్లిమెంటు అని పేరిడెను, పూరకమని మనమనవచ్చును.

పూరకము ఒకచోట వ్యయమైన వేఱొకచోట దొరకదని 1901లో బోర్డే, జాంగూలు చూపిరి. ఈ సూత్రముపైననే 1906లో వాసర్మన్ సవాయిరోగ పరీక్షను కల్పించెను. రోగి సీరమునకు కాలేయసారమును, కొలిచిన పూరకమును కలిపి, పిదప ప్రతిరక్షకము పట్టించిన గొఱ్ఱె ఎఱ్ఱకణములను చేర్తురు. కణములు పగిలినచో రోగము లేదు. పగులక అడుగున దిగినచో ఉన్నదని తీర్పు.

ఈ రోగము పేరెత్తుటకే సంకోచించు పాఠకులుందురు. ఆ సంకోచముననే అపవాదు బలిసినది. మొదట వాడిన సారము రోగగ్రస్తశిశువుల కాలేయమునుండి తీసినది. కొలదికాలమునకే, ఆ రోగమెఱుగని ఎద్దుగుండె సారమును అదే ఫలమిచ్చునని తేలెను. అనగా పరీక్ష పట్టుచున్నది రోగక్రిమికి ప్రత్యేకమైన లక్షణమును గాదు. అందలి ద్రవ్యము కార్డియోలిపిన్ అని 1941లో మేరీ పాంగ్‌బోర్న్ కనుగొనెను. చలిజ్వరమున్నవారికిని, కుష్ఠురోగులకును ఈ పరీక్ష ఒక్కొక్కప్పుడు సవాయియని చెప్పెడిది. 1930లనుండి అమెరికాలో పెక్కు రాష్ట్రములు పెండ్లికి ముందు ఈ రోగమునకై రక్తపరీక్షను శాసనముచే విధించెను. దోషమెఱుగని వధువునకు అట్టి తీర్పెంత భారమో ఊహింపవలెను.

వాసర్మన్ పరీక్ష నేడు వాడుకలో లేదు. ఎఱ్ఱకణములు మాత్రము పూరకమునే కొలుచుటకు మిగిలినవి. సీరమును క్రమముగా పలుచన చేసి, ఏ మోతాదున నూటికి 50 కణములు పగులునో చూతురు. అన్నియు పగులుచోట పూరకమెంత పెరిగినను భేదము కానరాదు; సగముచోట స్వల్పభేదమును బయటపడును. మెదడుపొరల జ్వరము పలుమారు వచ్చు బిడ్డలకు ఈ పరీక్ష ముఖ్యము. పూరకములోని చివరి అంశములలో నొకటి పుట్టుకతో లేనిచో ఫలము సున్నయగును. కాని తీసిన రక్తమును వేడిలో నుంచినను సున్నయే వచ్చును. అందుచే వైద్యులు మరల తాజారక్తము తీయించి, సీరమును చల్లగా కాపాడి, ఇంకొకమాఱు చూచిన పిదపనే తల్లిదండ్రులకు సంగతి తెలుపుదురు.