నడివయస్సున గోల్ఫు: సూరతు తోటలనుండి నేటి మైదానములవఱకు

సూరతు నగరమున కతార్‌గామునకు పోవు త్రోవలో ఆంగ్లేయుల ప్రాచీన శ్మశానవాటిక కలదు. అందు రెండంతస్తులతో, గుమ్మటములతో, నవాబుల గోరీలతో పోటీపడుచున్నట్లు నిలిచినది ఆక్సెండెను సోదరుల సమాధి. వారిలో క్రిస్టఫరు 1659లోను, జార్జి 1669లోను గతించిరి. 1664లో శివాజీ సూరతుపై దండెత్తి వచ్చినపుడు ఆంగ్లేయుల కోఠీని కాపాడినవాడు ఈ జార్జి ఆక్సెండెనే. అట్టివానికిని ఏబదియేండ్లు నిండలేదు. సమీపముననే డచ్చివారి వాటిక యున్నది. మలబారు ఓషధులపై మహాగ్రంథమును వెలువరించిన వాన్ రీడె 1691లో మరణింపగా ఆయనకు అచ్చట కట్టిన సమాధి ఒక చిన్న రాజభవనమువలె నుండును. వీరు గొప్పవారు గనుక వీరి పేర్లు మిగిలినవి. వీరికంటె చాల చిన్నవయస్సున జ్వరములపాలై మట్టిలో కలిసిన గుమాస్తాలు ఎందఱో. ఆనాటి కోఠీ ఉద్యోగికి నడివయస్సు అనునదియే అరుదైన వరము.

నేటి ఉద్యోగి స్థితి వేఱు. కేంద్రప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సు 1962లో 55 నుండి 58 ఏండ్లకును, 1998లో 60 ఏండ్లకును పెరిగినది. ఆపైన దైవమిచ్చిన ఇరువదియేండ్లు ఈ దేహమును ఏ పనిలో పెట్టవలెనను ప్రశ్న ప్రతి కుటుంబమునకును ఎదురగుచున్నది. కొందఱు తెల్లవాఱుజామున నడకకు పోవుదురు. కొందఱు చీట్లాటకు కూర్చుందురు. ఏ కొలదిమందియో గోల్ఫుకఱ్ఱను చేతబట్టుదురు. ఈ చివరివారిని చూచి ఇంటిల్లిపాది నవ్వుట కద్దు. “ఈ వయస్సున మీకీ దొరలయాట యేల?” అని గృహిణి అడుగును. ఆ యొక్క మాటలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. ఒకటి వయస్సునుగూర్చినది, రెండవది దొరలనుగూర్చినది. చరిత్రను తిరుగవేసి చూచినచో ఈ రెండును ఒకే ప్రశ్న యని తెలియగలదు.

మొదట దొరల సంగతి. ఆంగ్లేయులకు సూరతులో 1613లో మొగలు చక్రవర్తి ఫర్మానా లభించినది. అంతకు రెండేండ్లు ముందుగనే, 1611లో, వారు మన మచిలీపట్టణమున అడుగిడిరి. ఈ రెండు రేవులకును నడుమ ఉద్యోగులు మాఱుచుండిరి. అట్లు మాఱినవారిలో తెలుగువారు మఱువరానివాడు విలియం మెత్‌వోల్డు. ఇతడు 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణమున పనిచేసెను. కృష్ణాతీరమునందలి కొల్లూరు వజ్రపుగనులను స్వయముగా పోయి చూచెను. అచ్చట ముప్పదివేలమంది వఱకు పనిచేయుచుండిరని వ్రాసెను. గోలకొండ రాజ్యమునుగూర్చి ఇతడు వ్రాసిన వృత్తాంతము 1626లో లండనులో అచ్చయినది. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయముక్రింద మునిగియున్నది. మెత్‌వోల్డు మఱల 1633లో సూరతు కోఠీకి అధ్యక్షుడై వచ్చి 1639 ఆరంభమువఱకు ఆ పదవియందుండెను.

1638 ఏప్రిలులో మాండెల్‌స్లో అను జర్మను యువకుడు పారసీక దేశము మీదుగా సూరతు చేరెను. వయస్సు 21 ఏండ్లు. ఆతిథ్యమిచ్చిన అధ్యక్షుడు మెత్‌వోల్డునకు అప్పటికి 48 ఏండ్లు. కోఠీలోని దినచర్యను ఈ యువకుడు చక్కగా వర్ణించెను. ఉదయము ఆఱుగంటలకును, రాత్రి యెనిమిదింటికిని ప్రార్థన. ఆదివారము మూడుమార్లు ప్రార్థన. మామూలు కూటములలో మద్యము కాదు, తేయాకు కషాయము! కాఫీ తాగు మనవారికి ఇది వింతగా తోచవచ్చును గాని, భారతదేశమున తేయాకు సేవనమునుగూర్చిన తొలి సాక్ష్యములలో నిది యొకటి. ఆదివారము ప్రార్థన ముగిసిన తరువాత వారందఱును ఊరివెలుపలి తోటకు పోవుచుండిరి. అచ్చట గుఱి నిలిపి పందెములు కాయుచుండిరి. తాను వారమునకు నూఱు మహమూదీలు గెలుచుకొంటినని మాండెల్‌స్లో ఒకింత గర్వముతోనే చెప్పుకొనెను. ఆట ముగిసిన పిమ్మట పండ్లును మిఠాయిలును ఫలహారము, తోటలోని కొలనులో స్నానము. వర్తకుడు, పురోహితుడు, నిన్నవచ్చిన గుమాస్తా, ఏబదికి చేరువైన అధ్యక్షుడు, అందఱికిని ఆ తోట యొక్కటే.

ఆ తోటలో గోల్ఫు బంతి దొర్లలేదు. గుఱిపందెమే వారి యాట. ఈ రెంటికిని పాతవైరమొకటి కలదు. 1457లో స్కాట్లాండు రాజు రెండవ జేమ్సు గోల్ఫును నిషేధించుచు శాసనము చేయించెను. ప్రజలు కఱ్ఱ, బంతి పట్టుకొని పచ్చికబయళ్లలో తిరుగుచు విలువిద్యను మఱచుచున్నారనియు, ఇంగ్లండుతో యుద్ధము వచ్చినచో గతియేమనియు ఆయన బెంగ. 1491లో నాలుగవ జేమ్సు ఆ నిషేధమునే మరల విధించెను. చిత్రమేమన, ఆ నాలుగవ జేమ్సే 1502లో ఇంగ్లండుతో సంధి కుదిరిన పిమ్మట పెర్తు పట్టణమున ధనుస్సులు చేయు పనివానియొద్ద గోల్ఫుకఱ్ఱలు కొనెను. నిషేధించినవాడే అభ్యాసకుడయ్యెను! డచ్చివారికి కోల్ఫ్ అను కఱ్ఱబంతియాట కలదు. గోల్ఫునకు పేరు దానినుండి వచ్చినదని పలువురు పండితుల యభిప్రాయము.

ఆటకు నియమములు వ్రాతపూర్వకముగా ఏర్పడుటకు 1744 వఱకు ఆగవలసివచ్చెను. ఎడింబరో పెద్దమనుష్యులు లీత్ మైదానమునకై వ్రాసికొన్నవి పదుమూడు నియమములు. పదునెనిమిది గుంటల లెక్క 1764లో సెయింట్ ఆండ్రూస్‌లో స్థిరపడినది. ఆ కాలపు బంతి తోలుసంచిలో ఈకలు కుక్కి కుట్టినది. ఒక పనివాడు దినమంతయు శ్రమించినను మూడు నాలుగు బంతులకు మించి చేయజాలకుండెను. అందుచే గోల్ఫు ధనికుల వినోదమైనది. 1848 ప్రాంతమున మలయా అడవులలోని గట్టాపెర్చా జిగురుతో బంతులు చేయ మొదలిడినపిమ్మటనే ధర దిగి, ఆట వ్యాపించెను.

భారతదేశమున గోల్ఫు 1829లో కలకత్తాలో వేరూనినది. బ్రిటిషు దీవులకు వెలుపల స్థాపితమైన క్లబ్బులలో నేటికిని నిలిచియున్న వానిలోకెల్ల అదియే ప్రాచీనము. బొంబాయిలో 1842లో మఱియొకటి వెలసినది. మఱి సూరతు? ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును 1687లోనే బొంబాయికి మార్చుకొనిరి. తపతీముఖమున ఇసుక మేటవేసినది. 1837లో అగ్నిప్రమాదమున వేలకొలది యిండ్లు బూడిదయ్యెను. ఆ యేటనే వఱదయు వచ్చెను. బొంబాయి దొరలు గోల్ఫు ఆడుచున్న దినములలో సూరతు తన బూడిదనుండి లేచు ప్రయత్నములో నుండెను. గోల్ఫు సైన్యపు దండులను, రాజధానులను, చల్లని కొండలను వెన్నంటి పోయినది. 1876లో బెంగుళూరునకు చేరినది. దొరలను మొదట తోటకు తీసికొనిపోయిన సూరతు మాత్రము ఈ దారికి దూరముగా నుండిపోయెను.

ఇక అసలు విషయము. ఈ మైదానములలో చాలవానికి భారతీయుడు పోవలెనన్నచో రెండే మార్గములుండెడివి. సంస్థానాధీశుడైనను కావలెను, లేదా దొర సంచిని మోయు కుఱ్ఱవాడైనను కావలెను. క్యాడీ యనబడు ఈ బాలుడు ఎనిమిది పదియేండ్లకే వచ్చి, బంతి యెచ్చట పడినదో చూచి, ఏ కఱ్ఱ యందీయవలెనో నేర్చి, దొరలు వెళ్లిపోయిన తరువాత విఱిగిన కఱ్ఱతో చీకటిపడువఱకు ఆడుకొనెడివాడు. ఆట వానికి వచ్చును, క్లబ్బు గడప దాటుట మాత్రము రాదు. చదువుకొన్న మధ్యతరగతి బాలునికి ఆ రెండు మార్గములును లేవు. కనుక వాడు క్రికెట్టు ఆడెను, లేదా ఏమియు ఆడకయే పరీక్షలు వ్రాసెను. స్వాతంత్ర్యానంతరము దొరలు పోయి, క్లబ్బుల పుస్తకములలో మన పేర్లు ఎక్కుసరికి అతడు అధికారియై నలుబది దాటియుండెను. 1955లో భారత గోల్ఫు సంఘము ఏర్పడునాటికి ఈ దేశమున కఱ్ఱపట్టిన కొత్తవారిలో ఇట్టివారు పెక్కుమంది. వారు వెనుకబడి నేర్చుటకు హేతువు అవయవముల మాంద్యము కాదు, తలుపు ఆలస్యముగా తెఱచుట. గృహిణి ప్రశ్నలోని వయస్సును దొరయు ఒకే కొమ్మకు కాచిన కాయలనుట ఇందుచేతనే.

సంచి మోసినవారి కథకూడ అచ్చటితో ఆగలేదు. ఇండియన్ ఓపెన్ పోటీ 1964లో మొదలైనది. 1965లో అమెచ్యూరు క్రీడాకారుడు పి. జి. సేఠీ దానిని గెలిచెను. మఱల భారతీయుడు గెలుచుటకు 1991 వఱకు పట్టినది. గెలిచినవాడు ఢిల్లీ మైదానమున క్యాడీగా పెరిగిన అలీ షేర్. కలకత్తా క్లబ్బులో పచ్చిక సంరక్షించు పనివాని కుమారుడు ఎస్. ఎస్. పి. చౌరాసియా 2016, 2017 సంవత్సరములలో వరుసగా రెండుమార్లు దానినే గెలిచెను. చిన్ననాడు నేర్చినవారి ప్రతిభ ఇది. ఏబదియవ యేట మొదలిడిన గుమాస్తా వీరితో సమానుడు కాగలడా? కాజాలడు. కాని వీరితో కలిసి ఆడగలడు. ఇతర క్రీడలలో లేని ఈ సౌలభ్యమునకు కారణము హాండీక్యాప్ అను లెక్క.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఒక మైదానమునకు 72 దెబ్బలు ప్రమాణమనుకొందము. నిపుణుడొకడు 80 దెబ్బలలో ముగించును, వానికి 8 తగ్గింపు. కొత్తవాడు నూఱు దెబ్బలు కొట్టును, వానికి 28 తగ్గింపు. ఇద్దఱికిని మిగులునది 72. ఆ దినమున ఎవడు తన సాధారణ స్థితికంటె మెఱుగుగా ఆడెనో వాడే విజేత. చదరంగమున పెద్దవాడు తన మంత్రిని తీసివేసి పిల్లవానితో ఆడుటవంటిది. ఒకప్పుడు ఆంగ్లదేశపు లెక్కలో పురుషులకు ఈ తగ్గింపు 28కి మించకుండెడిది. 2020లో వచ్చిన ప్రపంచ హాండీక్యాప్ పద్ధతిలో స్త్రీపురుషులందఱికిని 54 వఱకు పెంచిరి. వృద్ధాభ్యాసకునకు ఇంతకంటె వెడల్పైన ద్వారము మఱే క్రీడలోను కనబడదు. అమెరికా చమురు కుబేరుడు రాక్‌ఫెల్లరు 1899లో, తన అఱువదవ యేడు నడచుచుండగా, మొదటిసారి బంతి కొట్టెను. 1937లో 97వ యేట మరణించువాడు మూడు దశాబ్దములకు పైగా ఆ వ్యసనము విడువలేదు. ఆయనకు కుదిరిన తీరిక అందఱికిని కుదురదనుట వేఱుమాట.

అభ్యాసమునగూడ మన బాల్యము కొంత తోడ్పడును, కొంత అడ్డు తగులును. సూరతులోని లింబాయతు, ఉధనా ప్రాంతములలో మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన తెలంగాణ కుటుంబములవారు చిన్ననాడు చిర్రగోనె యాడినవారే. కోస్తావారు దానినే బిళ్లంగోడు అందురు. గుజరాతు బాలురకు అది మోయీదండా. ఈ యాటలో బిళ్లను ముందు గాలిలోనికి లేపి, పిదప భుజబలముతో కొట్టవలెను. గోల్ఫులో బంతి కదలక నేలపై కూర్చుండును. కొత్తవాడు పాత అలవాటుచే దానిని పైకి లేపబోయి మట్టిని పెల్లగించును. నిజమునకు లేపవలసినది ఆటగాడు కాదు, ఇనుపకఱ్ఱ ముఖమునందలి వాలే ఆ పని చేయును. కఱ్ఱను క్రిందికి దించి బంతిగుండ సాగనిచ్చినచో చాలును. ఈ సంగతిని బుద్ధి ఒక దినమున గ్రహించును. చేతులు గ్రహించుటకు ఆఱుమాసములు పట్టును. నడుము తిరుగనివారు కఱ్ఱను భుజముమీదుగా పూర్తిగా వెనుకకెత్తక ముప్పాతికవఱకే యెత్తుట మేలు. తొలి దినములలో దూరపు దెబ్బలకు పోక, 108 మిల్లీమీటర్ల వెడల్పుగల గుంటకు ఒక బారెడు దూరమున నిలిచి బంతిని దొర్లించుట నేర్చిన వారికి ఆట త్వరగా పట్టువడును. ఆ చిన్న దెబ్బకు బలముతో పనిలేదు. ఏబదియేండ్లవాని నిదానము అచ్చట అక్కఱకు వచ్చును.

ఈ ఆటకు పచ్చిక కావలెను, పచ్చికకు నీరు కావలెను. త్రాగునీటికి కటకటలాడు ఊళ్లలో ఇది సమంజసమా యను ప్రశ్న న్యాయమైనదే. సభ్యత్వపు రుసుములు నేటికిని సామాన్యోద్యోగి నెలజీతమును వెక్కిరించుననుటయు నిజమే. దొరల తలుపు తెఱచుకొన్నను దానికి క్రొత్తగా ధనపు గొళ్లెము పడినది. అయినను కొన్ని మైదానములు మాఱినవి. మెత్‌వోల్డు వర్ణించిన గోలకొండ రాజ్యపు కోటలో, నయాఖిల్లాలోని శతాబ్దముల నాటి మహావృక్షమున్న ఆవరణలోనే, నేడు గోల్ఫు మైదానమున్నది. సూరతువారికి దగ్గఱగా, రైలుమార్గమున సుమారు 130 కిలోమీటర్ల దూరమున వడోదర కలదు. అచ్చటి లక్ష్మీవిలాస ప్రాసాదపు ఆవరణలో మహారాజు ప్రతాపసింహ గాయకవాడ్ 1930లలో ఐరోపా అతిథులకై ఒక మైదానమును వేయించెను. 1990లలో ఆయన మనుమడు సమర్జిత్‌సింహ దానిని బాగుచేయించి బయటివారికిని తెఱపించెను. తెల్లవాఱుజామున సూరతులో రైలెక్కినవాడు ఎండ ముదురకముందే ఆ పచ్చికపై నిలిచి తన తొలి దెబ్బ తప్పవచ్చును.