‘ఎక్కుర్రి’ అన్న జవాబు: ఉప్పల్, నాచారంలో రెండో భాషగా తెలుగు

హైదరాబాదులోని ఉప్పల్ రింగ్ రోడ్డులో షేర్ ఆటో దగ్గర మాట సాధారణంగా ఇలా నడుస్తుంది:

– అన్నా, నాచారం పోతదా?
– నాచారం ఏడ?
– ఈఎస్ఐ కాడ.
– ఎంతమంది?
– ఇద్దరం.
– ఎక్కుర్రి.

మొదటి ప్రశ్నకు జవాబు ఆరో మాటలో గానీ రాలేదు. అదైనా ‘అవును’ అని కాదు, ఎక్కమని. నడుమ రెండు ప్రశ్నలు, రెండు జవాబులు దూరాయి. ‘పోతదా’ అన్నది ఆటో గురించి కాబట్టి ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అన్న చిక్కే రాలేదు. మర్యాద, చనువు రెండూ ‘అన్నా’ మోసింది. బిహార్ నుంచో ఒడిశా నుంచో నాచారం పారిశ్రామికవాడకు పనికొచ్చిన మనిషికి ‘మీరు నాచారం వెళ్తారా? అవును, వెళ్తాను’ అని నేర్పామనుకోండి. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ ‘ఏడ?’ అని ఎదురు ప్రశ్న పడగానే, రానన్నాడేమో అనుకుని అతను వెనక్కి తగ్గవచ్చు. అతనికి తెలియనిది పదం కాదు, మాటల వరస.

వాక్యం దాటి భాషను చూడాలని భాషావేత్త జెలిగ్ హారిస్ 1952లోనే ‘డిస్కోర్స్ ఎనాలిసిస్’ అన్న వ్యాసం రాశాడు. 1975లో భాషావేత్తలు సింక్లేర్, కూల్తార్డ్ తరగతి గది మాటలను విశ్లేషించి ఒక అచ్చు చూపారు: టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు దానిపై ఏదో ఒకటి అనడం. ‘ఇదేంటి?’ ‘చెట్టు.’ ‘గుడ్.’ ఆటో ఆయన ఎవరికీ ‘గుడ్’ అనడు. అంతకన్నా పెద్ద లోటు, ఈ అచ్చులో పిల్లవాడికి అడిగే వంతే రాకపోవడం.

మాటల వరసను పట్టించుకునే ఈ చూపు ఇంగ్లిషు బోధనకు కొత్త కాదు. తెలుగుకు ఇప్పుడు దీని అవసరం ఎక్కువ. తెలంగాణ 2018లో చేసిన చట్టంతో, 2018–19 నుంచి ఒకటి, ఆరు తరగతులతో మొదలుపెట్టి, బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. ఇంట్లో హిందీయో బెంగాలీయో మాట్లాడే పిల్లలూ ఆ తరగతుల్లో కూర్చుంటారు. వాళ్లకు అక్షరమాల తర్వాత నేరుగా పద్యం పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

మాటల వరస ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ‘వస్తా మరి’ సంగతే చూడండి. వచ్చు అంటే రావడమని నేర్చుకున్న పిల్లకు, గడప దాటి పోతున్న మనిషి ‘వస్తా’ అనడం వింతగా తోస్తుంది. ‘పోతా’ అనడం మనకు అశుభం. ఇక ‘మరి’కి నిఘంటువులో అర్థం వెతికితే చాలదు. ఇక్కడ దాని పని మాటలు ముగియబోతున్నాయని ఎదుటివాళ్లకు తెలియజేయడం. అందుకే అవతలి నుంచి ‘సరే మరి’ అని అదే తిరిగి వస్తుంది. విడిగా నేర్పితే రెండూ బోధపడవు.

అందుకని పాఠం ఇలా పెట్టవచ్చు. పైన ఆటో మాటలను బోర్డు మీద రాసి, చివరిదాన్ని చేత్తో మూసి, ‘ఇప్పుడాయన ఏమంటాడు?’ అని అడగాలి. తర్వాత ‘ఇద్దరం’ చెరిపి ‘ఒక్కణ్నే’ అని రాయాలి. చివరి మాట ‘ఎక్కు’ అయిపోతుందని పిల్లలే పట్టుకోవాలి.