కొండాపూరు వృద్ధాశ్రమమున ఒక స్వీయచరిత్రకారిణి

హైదరాబాదులో కొత్తగూడ కూడలినుండి కొండాపూరు దిక్కునకు పోవు బాటసారికి నేడు కానవచ్చునవి గాజుగోడల కార్యాలయములు, అద్దె వసతిగృహములు, ఎడతెగని వాహనముల బారులును. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటితోనే ఈ సీమకు చరిత్ర మొదలైనట్లు చెప్పుకొనుట వాడుకైనది. కాని కొండాపూరులోనే, 1994లో మరణించిన కమ్యూనిస్టు నాయకులు చండ్ర రాజేశ్వరరావుగారి పేర వెలసిన వృద్ధాశ్రమము కలదు. అందు కొన్నియేండ్లు నివసించిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి మూలమున ఈ ప్రాంతమునకు తెలుగు స్వీయచరిత్ర వాఙ్మయములో సైతము స్థానము లభించినది.

1918లో కృష్ణా జిల్లా పామర్రున జన్మించి, ఊహ తెలియకమునుపే పెండ్లియు వైధవ్యమును పొంది, యౌవనమున కొండపల్లి సీతారామయ్యగారిని పునర్వివాహమాడి, నగలు కమ్యూనిస్టు పార్టీకిచ్చి, ప్రజానాట్యమండలిలో పాటలు పాడి, నిర్బంధకాలమున బిడ్డలను తల్లి అంజమ్మగారికి అప్పగించి అజ్ఞాతవాసము చేసిన ఈమెను, అటుపిమ్మట భర్తయే విడనాడెను. నడివయసున ఆంధ్ర మహిళా సభలో మెట్రిక్కు చదివి, కాకినాడ పాలిటెక్నిక్కు వసతిగృహమున మేట్రనుగా కుదురుకొని తన కాళ్లపై తాను నిలిచినంతలో, విప్లవోద్యమమున చేరిన కుమారుడు చందు మరల కానరాకుండ పోయెను. వైద్యురాలైన కుమార్తె కరుణ భర్తృవియోగానంతరము తన ప్రాణము తానే తీసికొనెను. సీతారామయ్యగారు 1980లో పీపుల్స్ వార్ అను విప్లవపార్టీని స్థాపించి ప్రసిద్ధులైరి. లోకమునకు ఈమె ఆయన భార్యగానే తెలియుట ఎంతటి అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

దుఃఖమును అక్షరములలో పెట్టుట మనకు క్రొత్త గాదు. విశ్వనాథ సత్యనారాయణగారు భార్యావియోగమున ‘వరలక్ష్మీ త్రిశతి’ వ్రాసిరి. ఛందస్సు పురుషుని శోకమునకు గౌరవప్రదమైన ఆచ్ఛాదనమైనది. గద్యమున, తన పేరుతో, తన యింటి గాయమును చెప్పుకొనుటకు స్త్రీకి అంత సులభముగ చోటు దొరకలేదు. 1934లోనే ఏడిదము సత్యవతిగారి ‘ఆత్మచరితము’ వెలువడినను ఆ బాట చాలకాలము సన్నగనే ఉండెను. ‘స్త్రీశక్తి సంఘటన’వారు తెలంగాణ సాయుధపోరాటపు స్త్రీలను కలిసి, వారి నోటి మాటలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించిన పిదపనే, పోరాటచరిత్రలో వంటయింటికిని, కన్నబిడ్డలకును, ఒంటరితనమునకును చోటు కలదని పలువురకు తెలిసినది. కోటేశ్వరమ్మగారి కథయు అందున్నది. అడిగి వినువారు ఉండుట వ్రాయుటకు తొలిమెట్టని నా నమ్మకము.

అదే 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అను మనశ్శాస్త్రజ్ఞులొక ప్రయోగమును ప్రకటించిరి. విద్యార్థులు వరుసగా 4 దినములు, దినమునకు 15 నిమిషముల చొప్పున వ్రాసిరి. జరిగినదానిని, దానివలన కలిగిన బాధను జతపరచి వ్రాసినవారు, వ్రాసిన వెంటనే మరింత క్రుంగినను, తరువాతి 6 నెలలలో వైద్యుని కడకు తక్కువగ పోయిరట. ఈ ప్రయోగముతో కోటేశ్వరమ్మగారికి సంబంధమేమియు లేదు. ఆమె వ్రాసినది చికిత్స కొఱకును కాదు. అయినను ఆమెకు 90 ఏండ్లు దాటిన పిదప, 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన ఆమె స్వీయచరిత్ర ‘నిర్జన వారధి’ని చదివినపుడు, సంఘటనను వదలి ఏడువకుండుట, ఏడుపును వదలి సంఘటనను చెప్పకుండుట ఆమెకు స్వభావసిద్ధమని తోచును. బిడ్డల మరణములను చెప్పునపుడైనను కంఠము హెచ్చదు. తల్లి అంజమ్మగారి ఓర్మిని, సహచరుల త్యాగములను తలచుకొనుటలో తన గాథ పలువురి గాథగా విస్తరించును. అంతమాత్రమున గాయము మానినదని చెప్పుట అతిశయోక్తి. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లికి పుస్తకము బిడ్డలను తెచ్చి యీయదు. అయినను ఎవరి భార్యగానో, ఎవరి తల్లిగానో ఇతరుల పుస్తకములలో పేరు మాత్రమై మిగులవలసిన స్త్రీ, తన జీవితమునకు తానే సాక్షియై నిలిచినది. వ్రాతవలన కలుగు స్వస్థత యందు ఇది చిన్న భాగము గాదు.

ఆ గ్రంథము ఆంగ్లములోనికిని అనువదింపబడినది. 2018 సెప్టెంబరు 19న, నూరేండ్లు నిండిన తరువాత, ఆమె విశాఖపట్నమున కన్నుమూసిరి. సీతారామయ్యగారిని గురించి ఏమి వ్రాసినదో చూతమని ఆ పుస్తకమును తెరచువారే నేటికిని అధికము. పాఠకులారా, ఆ కుతూహలమును కొంత ప్రక్కనుంచి, కాకినాడ వసతిగృహమున ఆమె గడపిన కాలమునకు సంబంధించిన పుటలను ముందుగా చదువుడు.