విశాఖ రేవులో ఒక రాత్రి, తెర మీద పద్దెనిమిది రోజులు

యుద్ధ చిత్రాలు చరిత్రకు చేసే అన్యాయాన్ని గురించిన చర్చ సాధారణంగా హాలీవుడ్ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది గాని, అదే ప్రశ్నను తెలుగు తెర వైపు తిప్పి చూడడానికి విశాఖపట్నాన్ని మించిన చోటు లేదు. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబర్ 3, 4 తేదీల నడిమి రాత్రి ఈ రేవు ముఖద్వారానికి చేరువలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందన్నది భారత నౌకాదళం అధికారిక కథనం కాగా, 2017 ఫిబ్రవరి 17న తెలుగు, హిందీ భాషల్లో విడుదలైన 'ఘాజీ' చిత్రం ఆ విజయాన్ని, అధికారిక కథనంలో ఎక్కడా కనిపించని ఒక భారత జలాంతర్గామికి కట్టబెట్టింది.

ఘాజీ నిజానికి అమెరికాలో తయారైన ఓడ. డయాబ్లో అనే పేరుతో 1945లో అమెరికా నౌకాదళంలో చేరి, 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. పాకిస్తాన్‌కున్న తక్కిన జలాంతర్గాములు ఫ్రాన్స్ నుంచి కొన్న చిన్న తరహావి కాగా, కరాచీలో బయలుదేరి శ్రీలంకను చుట్టి బంగాళాఖాతం దాకా రాగల శక్తి దీనికొక్కదానికే ఉండేది. జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో 90 మందికి పైగా సిబ్బందితో 1971 నవంబర్ 14న కరాచీ విడిచిన ఘాజీ లక్ష్యం విక్రాంత్, అనగా యుద్ధ విమానాలను మోసుకుపోయే, అప్పటికి మనకున్న ఏకైక విమానవాహక నౌక. ఆ విక్రాంత్‌కు బాయిలర్ ఒకటి బీటలు వారి వేగం తగ్గి ఉండడం వల్ల, దానిని కాపాడుకోవడం తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్‌కు పెద్ద తలనొప్పి అయింది.

ఆయన పన్నిన ఎత్తులో ఆయుధాల కంటే పుకార్లకే ఎక్కువ పని. విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు పంపించి దాచి, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌ను విశాఖ దగ్గర విక్రాంత్‌గా నటింపజేశారు. విమానవాహక నౌక ఉంటే ఎంత వైర్‌లెస్ సంభాషణ సాగుతుందో అంతటినీ గాలిలోకి వదిలారు. నౌకాదళానికి సరుకులు సరఫరా చేసే విశాఖ కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద మొత్తంలో కావాలని చెప్పడం కూడా ఈ ఎత్తులో భాగమే, ఎందుకంటే అంత సరుకు ఎవరి కోసమన్న మాట బజారులో పడితే అది ఎక్కడికి చేరాలో అక్కడికి తప్పక చేరుతుంది. విక్రాంత్‌లో పనిచేస్తున్న ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం గురించి ఆరా తీస్తున్నట్టు ఒక మామూలు తంతిని రహస్య సంకేతాలేవీ లేకుండా పంపడం మాత్రం ఏ సినిమా రచయితకూ తట్టని తెలివి అనిపిస్తుంది.

యుద్ధం మొదలైన డిసెంబర్ 3 అర్ధరాత్రికి కాస్త ముందు, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడుపుతున్న రాజ్‌పుత్ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుండే ప్రవేశ కాలువ గుండా బయటికి వచ్చి, రేవు పైలట్‌ను, అంటే ఓడకు దారి చూపే స్థానిక నిపుణుణ్ణి, దించేసింది. కొద్దిసేపటికే ముందున్న నీటిలో అలజడి కనబడిందని కాపలా నావికుడు చెప్పగా రెండు డెప్త్ చార్జీలు విడిచారు. నిర్ణీత లోతుకు మునిగాక పేలి జలాంతర్గామి ఒంటిని చిదిమే పేలుడు పీపాలివి. ఆ తర్వాత వచ్చిన భారీ పేలుడు శబ్దానికి నగరంలో కిటికీ అద్దాలు అదిరాయి. తెల్లవారి జాలర్లకు నూనె తెట్టు, శకలాలు కనిపించాయి. గజ ఈతగాళ్ళు దిగి చూసి మునిగినది ఘాజీయేనని తేల్చారు.

ఇక్కడి నుంచే వివాదం మొదలవుతుంది. రాజ్‌పుత్ డెప్త్ చార్జీలే ఘాజీని ముంచాయని భారత నౌకాదళం చెప్పగా, తాను పరిచిన మందుపాతరల మీదికి తానే వెళ్ళి గాని, లోపలి పేలుడు వల్ల గాని అది మునిగిందని పాకిస్తాన్ వాదన. ఈ రెండో వాదనకు బలం మన వైపు నుంచే దొరకడం విశేషం: నాటి తూర్పు కమాండ్ సైన్యాధికారి జె.ఎఫ్.ఆర్.జాకబ్, డిసెంబర్ 3 ఉదయమే కృష్ణన్ తనకు ఫోన్ చేసి శకలాలు దొరికినట్టు చెప్పారని రాసుకున్నారు. అదే నిజమైతే రాజ్‌పుత్ కదలక ముందే ఘాజీ కథ ముగిసిపోయినట్టు లెక్క. దీన్ని తేల్చగల నౌకాదళ దస్తావేజులను ఏనాడో ధ్వంసం చేశారని 2010లో పత్రికలు బయటపెట్టాయి.

దర్శకుడు సంకల్ప్ రెడ్డి సరిగ్గా ఆ ఖాళీలోనే తన కథ కట్టారు. ఎస్-21 అనే భారత జలాంతర్గామి యుద్ధ ప్రకటనకు ముందే రహస్యంగా వెళ్ళి, 18 రోజులు నీటి అడుగున ఉండి, ఘాజీతో ముఖాముఖి పోరాడి దాన్ని ముంచినట్టు చూపారు. రానా దగ్గుబాటి, కే కే మేనన్, అతుల్ కులకర్ణి ఇరుకైన ఓడ లోపలి ఉక్కపోతను నమ్మించిన తీరు మెచ్చుకోదగ్గదే, జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారం దక్కడంలోనూ ఆశ్చర్యం లేదు. అయితే ఇక్కడ వాడిన ఉపాయం మాత్రం గమనించదగ్గది: రహస్య కార్యక్రమం కాబట్టే రికార్డుల్లో లేదన్న ఒక్క మాటతో, ఆధారం లేకపోవడమే ఆధారంగా మారిపోతుంది. కల్పితమని ముందే ప్రకటించినా, దేశభక్తి గీతాలు పాడే నావికుల్ని చూసిన ప్రేక్షకుడి మనసులో నిలిచేది ఆ ప్రకటన కాదు.

ఇదే పనికి హాలీవుడ్ ఎక్కువ మూల్యం చెల్లించింది. 2000లో వచ్చిన 'యు-571' చిత్రం జర్మన్ల రహస్య సంకేత యంత్రం ఎనిగ్మాను అమెరికన్ నావికులు చేజిక్కించుకున్నట్టు చూపింది. వాస్తవంలో బ్రిటిష్ నౌక బుల్‌డాగ్ సిబ్బంది 1941 మే 9న యు-110 అనే జలాంతర్గామి నుంచి దాన్ని సాధించేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలోకే దిగలేదు. బ్రిటిష్ పార్లమెంటులో ప్రధాని టోనీ బ్లెయిర్ దాకా నిరసన వెళ్ళింది, రచయితల్లో ఒకడైన డేవిడ్ అయర్ తర్వాత 2006లో పశ్చాత్తాపం ప్రకటించాడు. అక్కడ ఘనత పోగొట్టుకున్నది మిత్రదేశం గనుక అడిగేవారున్నారు. ఇక్కడ పోగొట్టుకున్నది సొంత దేశపు రాజ్‌పుత్ గనుక ఆ స్థాయి నిరసన ఎవరూ లేవదీయలేదు.

పక్షపాతం శత్రువును దుర్మార్గుడిగా చూపడంలో కంటే, ఏ కథను ఎంచుకుంటారన్న దానిలోనే ఎక్కువగా ఉంటుంది. 'ఘాజీ' వచ్చిన ఏడాదే విడుదలైన క్రిస్టఫర్ నోలన్ 'డన్‌కర్క్' చిత్రంలో, రెండో ప్రపంచ యుద్ధంలో డన్‌కర్క్ తీరం నుంచి బయటపడిన భారత కంచరగాడిదల దళాల ఊసే లేదు. మన వైపు చూస్తే, ఘాజీ మునిగిన వారం తిరగక ముందే, డిసెంబర్ 9న, డయ్యూ తీరానికి దూరంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచి 18 మంది అధికారులను, 176 మంది నావికులను బలిగొంది. ఘాజీకి దక్కిన వెండితెర ఖుక్రీకి దక్కలేదు. పాకిస్తాన్‌లో 1998లోనే 'ఘాజీ షహీద్' అనే టెలిఫిల్మ్ వచ్చింది, అంటే ఒకే ఓడ ఒడ్డుకొక రకంగా వీరగాథ అయింది.

ఇన్ని కథల మధ్య అసలు నష్టపోయింది విశాఖ. కాంట్రాక్టర్ల బజారు, తంతి కార్యాలయం, రేవు పైలట్, జాలర్లు లేకుండా ఈ సంఘటన జరగనే జరగదు గాని, రెండు జలాంతర్గాముల ద్వంద్వ యుద్ధంగా మారిన కథలో వారికి చోటు ఉండదు. రామకృష్ణ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలో దిగినవారికి ఆ సినిమా గుర్తుకు రావడం సహజమే అయినా, 1971లో కుర్సురా గస్తీ తిరిగినది అరేబియా సముద్రంలో. ఆ రాత్రి ప్రవేశ కాలువ దాటి వెళ్ళిన రాజ్‌పుత్‌ను 1970వ దశకంలోనే తుక్కు కింద విడగొట్టారు; 2021లో విశాఖలో సేవ నుంచి విరమించిన రాజ్‌పుత్, అదే పేరు పెట్టుకుని 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన మరొక ఓడ.